గునుగు షరతు

పోయిన వారం స్వరూపను అశోక్‌నగర్‌లోని అరుంధతమ్మ జాగా గేటు దగ్గర, చేతిలో ఖాకీ కవరుతో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. అరుంధతమ్మ అనే పెద్దావిడ, పిల్లల్లేని మనిషి, తన పదకొండు వందల గజాల ఖాళీ జాగాను చెట్లతో సహా పచ్చజాగ ట్రస్టుకు రాసిచ్చి కన్నుమూసింది. ట్రస్టుకు ఛైర్మన్ ఆమె మరిది కొడుకు రాఘవేందర్. కార్యదర్శి మన స్వరూప. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన పిల్ల, నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతుంది. చెట్లకు నంబర్లు వేసి కాపాడటం, పిచ్చుకలకు గూళ్లు కట్టడం, నెలకో ఆదివారం గల్లీ వాళ్లందరినీ పోగేసి జాగా చుట్టూ నడిపించడం ట్రస్టు పనులు. ఏటా సద్దుల బతుకమ్మ కూడా ఆ జాగాలోనే ఆడతారు. ఈ ఏడు మాత్రం ఆట లేదని రాఘవేందర్ గేటుకు కాగితం అంటించాడు. ఎందుకు లేదో అంతుబట్టక స్వరూప తల బద్దలు కొట్టుకుంటుంటే, పక్క గల్లీ హాస్టల్లో ఉండి గ్రూప్ టూకు చదువుకునే స్నేహలత వచ్చి ఆ కవరు చేతిలో పెట్టింది. దానపత్రం నకలు. సమ్మెకు ముందే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అర్జీ పెట్టి తెచ్చింది. "ఏడో షరతు చూడు అక్కా" అంది. అక్కడే ఆపాం.

ఆ రోజు ఆదివారం, 2011 అక్టోబరు రెండు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు కావొస్తోంది. బస్సులు లేవు, కాలేజీలు లేవు. కోచింగ్ సెంటర్లు మూతపడి హాస్టల్ పిల్లలందరూ చెట్ల కింద చేరి చదువుకుంటున్నారు. సద్దుల బతుకమ్మ మంగళవారం. అంటే నడుమ ఒక్క సోమవారమే మిగిలింది.

స్వరూప కవరు చించబోతుంటే లోపల గంట మోగింది. ఆదివారం నడక మొదలైందన్నమాట.

రాఘవేందర్ గంట దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెడుతున్నాడు. యాభై ఐదేళ్లుంటాయి. నారాయణగూడలో ప్లైవుడ్ షాపు ఉంది. నలగని తెల్ల చొక్కా వేస్తాడు, గొంతు పెంచడు, ఎవరినీ నువ్వు అనడు. కోపం వస్తే అరిచేవాడితో ఎలాగో వేగవచ్చు, నవ్వేవాడితో వేగడమే కష్టం.

ఓ ముప్పై మంది వచ్చారు. ఈ నడకకు ఒక పద్ధతుంది. జాగాలో అరవై మూడు చెట్లు, ఒక్కో చెట్టును ఒక్కో ఇల్లు దత్తత తీసుకుంది. చెట్టు దగ్గరికి రాగానే ఆ ఇంటివాళ్లు ముందుకొచ్చి నెల రోజుల్లో దాని బాగోగులేమిటో చెప్పాలి. పద్నాలుగో నంబరు కానుగకు చీమలు పట్టాయని ఒకరు, ఇరవై రెండో నంబరు సీతాఫలం కాయలను ఎవరో మాయం చేస్తున్నారని ఇంకొకరు చెప్పుకుంటూ పోతారు. సొంత పిల్లల ప్రోగ్రెస్ కార్డులు కూడా అంత శ్రద్ధగా చదవరు.

స్వరూప వెనకబడి కవరు విప్పింది. పాత టైపు అక్షరాలు, ఆరు పేజీలు. ఏడో షరతు నాలుగో పేజీలో ఉంది. పంతొమ్మిదో నంబరు నేరేడు కింద నిలబడి ఒకసారి చదివి, నమ్మలేక ఇంకోసారి చదివింది. ఆగస్టులో తాను చేసిన పని గుర్తొచ్చి, కోపం కన్నా ముందు భయం వేసింది.

నడక జాగా నడుమ ఉన్న ఖాళీ మైదానానికి చేరింది. బతుకమ్మ ఆడే చోటు అదే. రాఘవేందర్ అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఈసారి పండుగను దోమలగూడలో ఒక ఫంక్షన్ హాల్‌కు మార్చామని చెప్పాడు. సమ్మె రోజులు, రేపు ఏమన్నా జరిగితే బాధ్యత ఎవరిది, పైగా కొత్తగా నాటిన మొక్కలు తొక్కుడు పడతాయి, హాల్లో ఏసీ ఉంది, భోజనాలు తన తరఫున. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే రాజకుమారి చప్పట్లు కొట్టింది. ముళ్లల్లో చెప్పుల్లేకుండా ఆడే బాధ తప్పిందని ఆమె సంతోషం.

"మొక్కల కోసం కాదు," అంది స్వరూప.

అందరూ తిరిగి చూశారు. రాఘవేందర్ నవ్వుతూ, "చెప్పుండ్రి మేడం" అని పక్కకు జరిగి, స్టేజీ మీద అతిథికి దారి ఇచ్చినట్టు చోటిచ్చాడు.

తన చేతిలో ఉన్నది అరుంధతమ్మ రాసిన దానపత్రమని, అందరూ వినాలని చెప్పి స్వరూప చదవడం మొదలుపెట్టింది. ఇక్కడే ఆమె ఒక తప్పు చేసింది. పన్నెండేళ్లుగా పాఠం చెప్పే మనిషి. కాగితం పట్టుకుంటే మొదటి పేజీ మొదటి వరుస నుంచి చదవకపోతే చదివినట్టుండదు ఆమెకు. స్నేహలత చేయి పట్టి లాగుతూ, ఏడోది చాలని చెవిలో చెబుతూనే ఉంది. వింటేనా? దాత పేరు, తండ్రి పేరు, పెనిమిటి పేరు, జాగా విస్తీర్ణం, ఆ తర్వాత హద్దులు. ఉత్తరం ఒకరి ఇల్లు, దక్షిణం ఇంకొకరి ఇల్లు, పడమర ఇరవై అడుగుల గల్లీ, తూర్పు నాలా. క్లాసులో వెనక బెంచీ వాళ్లకు కూడా వినిపించేలా చదివింది.

అంతవరకూ ఫోన్ చూసుకుంటున్న రాఘవేందర్ అక్కడ తలెత్తాడు. తూర్పు గోడ వైపు ఒకసారి చూసి మళ్లీ తల దించుకున్నాడు. స్వరూప గమనించలేదు. గమనించి ఉంటే ఈ వారం నేను రాయాల్సింది సగం తగ్గేది.

చివరికి ఏడో షరతు వచ్చింది.

"ప్రతి సంవత్సరము సద్దుల బతుకమ్మ నాడు ఈ జాగాలోనే, ఈ జాగా మట్టిలో పెరిగిన గునుగు పువ్వుతో బతుకమ్మను పేర్చి ఆడవలెను. ఏ ఒక్క సంవత్సరమైనను అట్లు ఆడనియెడల ఈ దానము రద్దగును. జాగా నా భర్త తరఫు వారసులకు చెందును."

కింద సమ్మతి సంతకం కూడా చదివింది. రాఘవేందర్, మరిది కుమారుడు, 1998.

అరుంధతమ్మ తెలివి అప్పుడు అర్థమైంది అందరికీ. ఆ రోజుల్లోనే ఆమె చూసింది, ఈ చుట్టుపక్కల ఖాళీ జాగాలన్నీ ముందు పార్కింగు బండలయి తర్వాత అపార్ట్‌మెంట్లవడం. గునుగు బండల మీద మొలవదు, పచ్చిక పరిచిన చోట మొలవదు. అది మొలిచిందంటే కింద మట్టి మట్టిగానే ఉందని లెక్క. అందుకే చెట్లను కాపాడండి అని రాయకుండా గునుగుతో ఆడండి అని రాసింది. మరిది కొడుకు సంతకం లేకుండా పని జరగదు కాబట్టి, అతనికి ఆ చివరి వాక్యం ఎర వేసింది. ఎర పదమూడేళ్లు అలాగే ఉందని, చేప దాన్ని మరిచిపోలేదని ఆమెకు తెలిసే వీలు లేదు.

"మీరే వారసులు కద," అంది స్వరూప. "ఆట ఆగితే జాగ మీది. అందుకే హాల్‌కు మార్చిండ్రు."

రాఘవేందర్ ముఖం మారుతుందని చూసింది. మారలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, వేలితో కాగితం వైపు చూపించాడు.

"సంతకం నాదే మేడం. నేనేమన్న దాచిన్నా? రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఎవలడిగినా ఇస్తరు. మీరు ఆరేండ్ల సంది కార్యదర్శి. ఒక్కసారన్న తెచ్చి చదివిండ్రా?"

చదవలేదు. ఆరేళ్లలో ఆమె పిచ్చుక గూళ్లు లెక్కపెట్టింది, చెట్ల చుట్టుకొలతలు రాసింది, జాగా ఏ షరతు మీద తమ చేతిలో ఉందో మాత్రం చూడలేదు. ఆ సిగ్గు ఆమె ముఖం మీద అందరికీ కనిపించింది.

"హాల్ వద్దంటే వద్దు," అని రాఘవేందర్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంద. మంగళవారం దాకా గేటు మీ చేతులనే ఉంటది. నేను అడ్డం రాను. ఆడుకోండి. కాని పువ్వు ఈ మట్టిది కావాలె. యాడుంది మేడం?"

స్వరూప చుట్టూ నేల వైపు చూసింది.

"నాకు తెల్వక అడుగుతున్న. ఆగస్టుల పీకించింది ఎవలు?"

ఆ ఆగస్టు సంగతి కూడా చెప్పాలి. కలుపు పండుగ అని పేరు పెట్టి, సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి నలభై మందిని పిలిచి, అందరికీ ఒకే రంగు టోపీలిచ్చి జాగాలో పిచ్చిమొక్కలన్నీ పీకించారు. పీకాల్సిన మొక్కల ఫొటోలతో ఒక కాగితం పంచారు. మూడో ఫొటో కింద అడవి తోటకూర అని రాసి ఉంది. తోటకూర లాగే ఉంది కూడా. పువ్వు లేదు, ఉత్త ఆకులు. అది గునుగు. స్వరూప చిన్నప్పటి నుంచి బతుకమ్మ ఆడుతోంది. గునుగు పువ్వును చీకట్లో తడిమి చెప్పగలదు. కానీ ఆమెకు తెలిసిన గునుగు నారాయణగూడ మార్కెట్లో కట్టలు కట్టి, గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్ది అమ్మేది. జాగాలోనే మొలిచినా, పువ్వు పూయకముందు మొక్క ఎలా ఉంటుందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. పట్నంలో పుట్టినవాళ్లం, మనలో ఎంతమందికి తెలుసు గనక? ఆ పూట దగ్గరుండి పీకించింది. ట్రాక్టర్ నిండా మొక్కలు పోయాక, కింద తన పేరున్న ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగింది.

"ఆ కాగితంల ఫొటోలు మీరే పంపిండ్రు," అంది స్వరూప.

"పంపిన. మీరు పీకిండ్రు."

అంతే అన్నాడు. ఆ మూడు మాటలకు మించి అతనికి అవసరం కూడా లేదు. మంగళవారం తాను వస్తానని, వీడియో తీసే మనిషిని తెస్తానని, ఎవరు ఏ పువ్వు ఎక్కడి నుంచి తెచ్చారో రికార్డు ఉండాలి కదా అని చెప్పి అందరికీ మరోసారి నమస్కారం పెట్టాడు. నడక అయ్యాక టీ, ఇడ్లీ దగ్గరుండి వడ్డించడం అతని అలవాటు. ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఓడిపోయినవాడు కదా, తొందరగా పోయాడులే అనుకోవడానికి లేదు. గెలిచినవాడికి తొందరేమిటో ఎవరికీ తట్టలేదు.

అతను గేటు దాటగానే అందరి కోపం స్వరూప మీదికి మళ్లింది. ఇందాక హాల్‌కు చప్పట్లు కొట్టిన రాజకుమారే ముందు అందుకుంది. పిలిచి పీకించింది తనే, ఇప్పుడు కాగితం పట్టుకొచ్చి పంచాయితీ పెట్టింది తనే అని దులిపేసింది. ఆ రోజు నేను కూడా వచ్చి నడుం పడిపోయేలా పీకాను కదా అని ఇంకొకాయన నొచ్చుకున్నాడు. స్వరూప ఎవరికీ ఎదురు చెప్పలేదు. పదండి, వెతుకుదాం, ఎక్కడో ఒక్క మొక్కన్నా ఉండకపోదు అని మాత్రం అంది.

గంటకు పైగా వెతికారు. చెట్ల మొదళ్లలో, పిట్టగూళ్ల కింద, గేటు పక్క ఇటుకల గుట్ట వెనక. ట్రస్టు పని ఎంత శుభ్రంగా చేసిందంటే, మచ్చుకు ఒక్క గునుగు కాడ దొరకలేదు. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరే ఇడ్లీలు తిని వెళ్లిపోయారు. ఆఖరికి మైదానంలో స్వరూప, స్నేహలత మిగిలారు.

ఇంకొకరు కూడా ఉన్నారు. తూర్పు గోడకు ఆనుకుని ఉన్న కుళాయి దిమ్మె మీద, పొద్దుటి నుంచి ఇటువైపు వీపు పెట్టుకుని కూర్చున్న కమలవ్వ.

కమలవ్వ దుబ్బాక పక్క ఊరి నుంచి చిన్న వయసులో వచ్చి, అరుంధతమ్మ ఇంట్లో ముప్పై ఏళ్లు పని చేసింది. ఆమె పోయాక జాగా ఊడ్చి, చెట్లకు నీళ్లు పెట్టేది కమలవ్వే. ఏటా మృగశిర కార్తె రాగానే కొంగులో గునుగు గింజలు పోసుకుని జాగా అంతా చల్లేది కూడా ఆమే. కలుపు పండుగ నాడు ఆమె ఊళ్లో లేదు. అక్క మనవరాలి పెళ్లికి పోయింది. ఆ ఆదివారాన్నే పండుగకు ఖాయం చేసింది ఎవరో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. రెండు రోజులకు తిరిగొచ్చి నున్నగా ఉన్న నేలను చూసి కమలవ్వ అరవలేదు, ఏడవలేదు. ఎవరు పీకించారని అడిగింది. చెప్పారు. ఆ రోజు నుంచి స్వరూపను బిడ్డా అని పిలవడం మానేసింది. చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన పిల్లను, అందరి ముందూ, మేడం అని పిలుస్తోంది. స్వరూపకు అంతకన్నా రెండు చెంపలు వాయించినా బాగుండేది.

స్వరూప వెళ్లి దిమ్మె ముందు నేల మీద కూర్చుంది.

"తప్పయింది అవ్వా."

కమలవ్వ చీపురు పుల్లలను నేలకు తట్టి సరిచేసుకుంది.

"తప్పయితే నేనేం జేయాలె మేడం," అంది చివరికి. "నీ తప్పును తాంబాళంల పేర్చి ఆడుదుమా?"

"తెల్వక చేసిన."

"తెల్వకుంటె అడగాలె. నీకు నోరు లేదా? నాకు చెవులు లెవ్వా? చెట్టుకు నంబర్ ఏసుడు తెలుసు నీకు, పిట్టకు డబ్బ కట్టుడు తెలుసు. ఆకు జూసి గునుగు అని గుర్తువట్టనిదానివి, ఈ జాగకు పెద్ద ఎట్లయినవ్?"

స్నేహలత మధ్యలో కల్పించుకోబోతే కమలవ్వ చీపురు ఎత్తి ఆపింది. ఇది తమ ఇద్దరి మధ్య సంగతని ఆ చీపురే చెప్పింది. స్వరూప కళ్లు తుడుచుకోలేదు. ఏడుస్తూనే చెప్పాల్సింది చెప్పింది. తనను తిట్టినా కొట్టినా పడతానని, కానీ మంగళవారం ఈ మట్టి గునుగుతో బతుకమ్మ ఆడకపోతే జాగా రాఘవేందర్‌కు పోతుందని, వచ్చే ఏడు ఇదే దిమ్మె మీద అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది ఉంటుందని చెప్పింది.

చీపురు ఆగింది.

ఇందాక కాగితం చదివినప్పుడు కమలవ్వ కుళాయి తిప్పుకుని కూర్చుంది. కావాలనే. ఆ గొంతు వినడం ఇష్టం లేక. అందుకే ఆ షరతు ఆమె చెవిన పడలేదు.

"ఏడాది ఆగితె వానికి పోతదా?" అంది. "నిజమేనా పిల్లా?"

స్నేహలత ఏడో షరతును మామూలు మాటల్లో చెప్పింది. కమలవ్వ విని కళ్లు మూసుకుంది. అరుంధతమ్మ తనకు అది చెప్పలేదు. గునుగు మాత్రం ఆపకు కమలా, నేను పోయినా ఆపకు అని మంచం మీద చేయి పట్టుకుని చెప్పింది. పెద్దావిడ ముచ్చటేమో అనుకుంది ఇన్నేళ్లూ. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖంలో కోపం తగ్గలేదు కానీ, కోపం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

"పువ్వు ఉన్నది," అంది.

స్వరూపకు అర్థం కాలేదు.

"ఉన్నది అంటున్న గద. మంగళవారం పొద్దుగాల గంపెడు తెచ్చి, మీ టోపీలోళ్ల ముంగట కుమ్మరిచ్చి, ఒక్కొక్కల మొఖం జూద్దామనుకున్న. నీ మొఖం ముందుగాల."

చీపురు కొనతో పక్కనున్న గోడను తట్టి చూపించింది. ఏడేళ్ల కింద ఈ గోడ కట్టినప్పుడు, నాలా ఒడ్డు మట్టి మెత్తగా ఉంది, పునాది నిలవదని మేస్త్రీ పదిహేను అడుగులు లోపలికి జరిపి కట్టాడు. కట్టించింది రాఘవేందరే. అప్పటికి అరుంధతమ్మ బతికే ఉంది. గోడ అవతల కూడా మనదే, విడిచిపెట్టకు అంది. అందుకని కమలవ్వ ఏటా గింజలు చల్లేటప్పుడు, చివరి నాలుగు పిడికిళ్లు ఈ దిమ్మె మీద నిలబడి గోడ అవతలికి విసిరేది. నాలా వాసనకు అటు ఎవరూ పోరు. కలుపు పండుగ కూడా పోలేదు.

స్నేహలత స్వరూప చేతిలోని కాగితాలు లాక్కుని రెండో పేజీ తిప్పింది. ఆ అమ్మాయి పరీక్షలకు చదివే పిల్ల, ఏ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలదు.

"తూర్పు గోడ అని లేదు అక్కా. నాలా అనున్నది. నాలా దాంక జాగ మనదే. అక్కడి పువ్వు ఈ జాగ పువ్వే."

స్వరూప నవ్వింది. ఏడుస్తున్న ముఖంతోనే నవ్వింది. ఆగస్టు తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. కమలవ్వ నవ్వలేదు, పక్కకు జరిగి దిమ్మె మీద చోటు మాత్రం ఇచ్చింది. స్వరూప చెప్పులు విడిచి దిమ్మె ఎక్కి, గోడ మీద మోచేతులు ఆనించి అవతలికి చూసింది.

గునుగు. నడుము ఎత్తున, గోడ పొడుగునా, తెల్లటి కంకులు, కొనల్లో లేత గులాబీ. కింద ప్లాస్టిక్ కవర్లు, పగిలిన కుండీలు, నల్లటి నాలా నీళ్లు. వాటన్నిటి మధ్య ఎవరూ అద్దని రంగుతో నిలబడి ఉంది. పది బతుకమ్మలకు సరిపోయేంత పువ్వు. ఇన్నేళ్లూ జాగాలో పూసినా, కట్టలు కొనే తాను దాన్ని ఎన్నడూ ఆగి చూడలేదనుకుంది.

అప్పుడు చప్పుడు వినిపించింది. కర్, కర్ మని, పచ్చి కాడలు తెగే చప్పుడు.

స్వరూప కుడివైపు చూసింది. గోడ అటు చివర ఇద్దరు మనుషులు వంగి కొడవళ్లతో కోస్తున్నారు. చిక్కడపల్లి అడ్డా మీద పొద్దున కూలి కోసం నిలబడేవాళ్లు. వాళ్ల వెనక మూడో వంతు గునుగు అప్పటికే నేల మీద పడి ఉంది. కోసిన మోపులను ఒక్కొక్కటే కాలితో నాలాలోకి తోస్తూ, ప్యాంటు మడమల పైకి మడిచి, నలగని తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు రాఘవేందర్.

తూర్పు నాలా. తానే చదివింది. గట్టిగా, వెనక బెంచీ వాళ్లకు కూడా వినిపించేలా.

రాఘవేందర్ తలెత్తి ఆమెను చూశాడు. తొందరపడలేదు, దాక్కోలేదు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. తర్వాత కూలివాళ్ల వైపు తిరిగి, జల్దీ కానీయండి అన్నట్టు చేయి ఊపాడు.

"ఏం గనవడ్డది?" అని కింద నుంచి కమలవ్వ అడిగింది. "మంచిగున్నదా పువ్వు?"

"కోస్తున్నరు అవ్వా. రాఘవేందర్ కోయిస్తున్నడు. నాలాల పడేస్తున్నరు."

కమలవ్వ చేతిలోంచి చీపురు జారిపోయింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, రెండు చేతులూ పైకి చాచింది.

"బిడ్డా," అంది. "నన్ను గోడెక్కియ్యి."

రెండు నెలలుగా ఆ మాట కోసం స్వరూప ఎన్ని సార్లు ఈ దిమ్మె చుట్టూ తిరిగిందో ఆమెకే తెలుసు. విని సంతోషపడటానికి ఇప్పుడు తీరిక లేదు. గల్లీలోకి పోయి, వంతెన దాటి, నాలా గట్టు మీదుగా తిరిగి వచ్చేసరికి పావుగంట పడుతుంది. పావుగంటకు అక్కడ కాడ మిగలదు. రాఘవేందర్ స్వయంగా ఇచ్చిన తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉంది. తూర్పు గోడకు గేటు లేదు.

"నువ్వు ఇక్కన్నే ఉండు అవ్వా," అంది.

తాళంచెవిని స్నేహలత వైపు విసిరి, చెంగు నడుముకు దోపి, గోడ మీదికెక్కి, కొడవళ్ల ముందుకు దూకింది.